ఇనుము వినని యంత్రం

1-4-2024, సోమవారం

నా పేరు ఓబమ్మ. డెబ్బై నాలుగో ఏడు నడుస్తున్నది. చనిపోయిన తిమ్మరాయ భార్యను. పెన్నాగరం నుండి కావేరికి దిగే దోవలో, ఎండాకాలం మెట్టూరు ఆనకట్ట నీళ్ళు వెనక్కి పోయి ఇసుక బయటపడే చోట మా ఊరు. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా కొడుకు వేడియప్పన్, వాడి భార్య మునిలక్ష్మి. పదకొండు మేకలు.

మునిలక్ష్మి ఇక్కడ కలం ఆపింది.

"ముగ్గురని రాయాలా అత్తా?"

రాయమన్నాను.

నాకు చదువు లేదు. రాసేది ఆమె. కుప్పం పక్కన పుట్టింది కాబట్టి తెలుగు అక్షరం వచ్చు. ఈ ఊర్లో తెలుగు మాట్లాడే ఇండ్లు అరవై ఉన్నా దాన్ని చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లలందరూ తమిళమే చదివినారు. నా కొడుకు కనపడకుండా పోయినప్పుడు పోలీసు స్టేషన్‌లో నేను చెప్పినదాన్ని తమిళంలో రాసి నా వేలు పట్టి ముద్ర వేయించుకున్నారు. ఏం రాసినారో నాకు ఈనాటికీ తెలియదు. ఈసారి నా మాట నా మాటగానే ఉండాలి. మే నెల అయిదో తారీకు ఆదివారం మా కులం కూర్చుంటుంది. ఆ దినం దీన్ని చదివిస్తాను. అంతవరకు ఇది నాది, ఎవరికీ చూపించను.

రెండేండ్ల కిందట ఆడి నెలలో, మన ఆషాఢంలో, కర్ణాటకలో వానలు పడి ఏరు పెరిగింది. మా మేకలు నాలుగు ఏటి నడుమ తిట్టె మీద చిక్కుకున్నాయి. వేడియప్పన్ పుట్టి ఎక్కి వాటికోసం పోయినాడు. పుట్టి బోర్లపడి దొరికింది. వాడు దొరకలేదు. అందుకని అందరూ వాణ్ణి పోయినాడంటారు. నేను అనను.

మా కులంలో మొగుడు పోయిన ఆడది ఇంకొకరిని కట్టుకోవచ్చు, తప్పు లేదు. అయితే అత్త తన చేత్తో కొత్త చీర పెట్టి గడప దాటించాలి. అత్త పెట్టకపోతే ఎవరూ తీసుకుపోలేరు. కడత్తూరులో ధర్మరాజ్ అని ఒకడు, భార్య పోయినవాడు, మునిలక్ష్మిని అడుగుతున్నాడు. ఆమెకు ఇష్టమే. నా ముఖం ముందర చెప్పింది. మా కులపెద్ద చిక్కణ్ణ నాకు మరిది. ఆయన తీర్పు ఇది: వేడియప్పన్ ఒంటిమీది వస్తువు ఒక్కటి దొరికినా వాడు పోయినట్టే, ఓబమ్మ చీర పెట్టి తీరాలి. ఏమీ దొరకకపోతే సర్కారు చట్టం చెప్పినట్టు ఏడేండ్లు కాచుకోవాలి.

వస్తువు అంటే మొలతాడు. పెండ్లిలో మునిలక్ష్మి పుట్టింటివాళ్ళు వాడికి పెట్టిన వెండి మొలతాడు. స్టేషన్‌లో ఆమే ఆ గుర్తు చెప్పింది. నేను పక్కనే కూర్చొని ఉన్నాను. దాని గురించి నేనేమీ చెప్పలేదు.

నా కేసు ఇది. నా కొడుకు బతికి ఉన్నాడు. నేను చీర పెట్టను.

3-4-2024, బుధవారం

యంత్రం వచ్చింది.

తెచ్చినది దేవరాజన్ శెట్టి. ధర్మపురిలో పాత ఇనుము కొట్టు ఆయనది. మన మాటే మాట్లాడతాడు. పోయిన నెల మునిలక్ష్మి బస్సెక్కి పోయి ఆయన కొట్టులో ఈ యంత్రం చూసింది. భూమిలో ఉండే లోహాన్ని పైనుండే కనిపెడుతుందట. కొత్తది, ఎక్కడ పెట్టి చూడాలా అని ఆయన వెతుకుతుంటే ఈమె పోయి మా ఇసుక చూపించింది. నాతో ఒక మాట చెప్పలేదు.

చిన్న మంచమంత చట్రం, చుట్టూ తీగ చుట్టి ఉంది. వీపుకు ఒక బ్యాటరీ, రొమ్ముకు ఒక పెట్టె, చెవులకు రెండు డొప్పలు. చట్రాన్ని ముందొకరు వెనకొకరు పట్టుకొని ఇసుకకు జానెడు ఎత్తులో నడవాలి. వ్యాను నుండి ఏటి దగ్గరికి మోసుకొని వచ్చేసరికి శెట్టి చొక్కా పిండితే కారేటట్టు ఉంది.

"పద్దెనిమిది కిలోలు అవ్వా," అన్నాడు. "ఇంకొక మనిషి లేకపోతే అయ్యేది కాదు."

"నీ కడుపు మోసేదానికే ఒక మనిషి కావాల శెట్టీ. దీనికి ఇంకొకడా?"

"మా ఇంట్లో ఆమె కూడా ఇదే అంటుంది. మీ ఇద్దరికీ పరిచయం ఉందా ఏమి?"

కోపం లేని మనిషి. వెనక కొస పట్టుకోవడానికి పుట్టి నడిపే మాయాండిని పిలిపించుకున్నాడు.

మొదట యంత్రానికి వెండి కూత నేర్పాలన్నాడు. "వెండిది ఏదైనా ఇవ్వమ్మా," అన్నాడు. మునిలక్ష్మి వంగి కాలి మెట్టె తీసింది.

నేను లేచినాను. "మొగుడుండే ఆడది మెట్టె తీస్తుందా?"

"ఒక్క గడియ అత్తా. మళ్ళీ పెట్టుకుంటా."

శెట్టి దాన్ని మూరెడు లోతున పూడ్చి పైన చట్రం తిప్పినాడు. పెట్టె కూసింది. సన్నగా, సాగదీసి, లేగను విడదీసినప్పుడు ఆవు అరిచినట్టు కూసింది. మెట్టె తవ్వి ఇచ్చినాక ఆమె దాన్ని అరచేతిలోనే పెట్టుకొని నిలబడింది. నేనే వంగి తొడిగినాను. మోకాళ్ళు పట్టేసినాయి.

శెట్టి పెట్టె మీది మీట చూపిస్తూ చెప్పినాడు. "ఈ ఇసుక నిండా గాలపు ముండ్లు, మేకులు, పుట్టి కమ్ములు. అన్నిటికీ కూస్తే నాకు పిచ్చి పడుతుంది. అందుకే ఇనుమును మూసేసినా. వెండి, రాగి, బంగారు అయితేనే నోరు తెరుస్తుంది."

"ఇనుముకు కూయనే కూయదా?"

"కింద గొడ్డలి ఉన్నా కూయదు అవ్వా. దానికి ఇనుము వినపడదు. ఈ మీట తిప్పితే తప్ప."

"తిప్పుతావా?"

"నాకేమి పని? కొట్టు నిండా ఇనుమే ఉండె. దాన్ని వెతుక్కుంటా ఇంత దూరం రావాల్నా?"

ఈ దినం అన్నం బాగా తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. అది కూడా రాయి అన్నాను. రాసింది.

4-4-2024

ఏమీ దొరకలేదు. దొరకదని నేను చెప్పినాను.

7-4-2024, ఆదివారం

ఆదివారం కాబట్టి ఊరంతా ఇసుకలో ఉంది. నీళ్ళు లేనప్పుడు మా ఇసుక సంత మైదానమంత విశాలం. యంత్రం ఎటు పోతే జనం అటు. పెట్టె కూసినప్పుడల్లా బంగారమే అన్నట్టు మీద పడి చూస్తారు. ఈ దినం దొరికినవి: సారా సీసా మూతలు, ఒక రాగి చెంబు అడుగు, పాత కాలం పావలాలు రెండు, గంటలో వేలాడే కంచు నాలుక ఒకటి. గంట నాలుకను నీళ్ళల్లో మునిగిన ఏదో గుడిదని ముసలివాళ్ళు కండ్లకద్దుకున్నారు. శెట్టి దాన్ని నాకివ్వబోయినాడు.

"నాకెందుకు? నాలుక నాకుండె."

"అది తెలుస్తానే ఉంది అవ్వా," అన్నాడు. జనం నవ్వినారు. నేనూ నవ్వినాను. చాలా దినాలైంది.

మునిలక్ష్మి నవ్వలేదు. కూసిన ప్రతి చోటా ఆమే తవ్వుతుంది. పార ఇస్తే వద్దంటుంది. పార తగిలి తెగిపోతుందట మొలతాడు. చేతులతోనే తోడుతుంది.

9-4-2024

ఉగాది. యంత్రం రాలేదు. పూర్ణం పెట్టి ఓళిగలు చేసినాము. మూడు ఆకులు వేయమన్నాను. వేసింది. మూడో ఆకులో పెట్టింది మేక తినింది.

11-4-2024, గురువారం

నా సాక్ష్యం ఈ దినం రాయిస్తున్నాను.

ఒకటో సాక్ష్యం మాయాండి. పోయిన ఏడు కార్తీకంలో మేచేరి మేకల సంతలో నా కొడుకును చూసినాడు. నీలం చొక్కా. గడ్డం పెంచినాడు. పిలిస్తే తిరగలేదు. ఈ మాట మాయాండి మా అరుగు మీద కూర్చొని చెప్పినాడు, అప్పుడు రాగి సంగటి తింటున్నాడు.

రెండో సాక్ష్యం, ఇంటి ఫోను రెండుసార్లు మోగి అవతల ఎవరూ మాట్లాడలేదు.

మూడో సాక్ష్యం నేను. ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొని వీణ్ణి కన్నాను. ఆ ముగ్గురూ పోయినప్పుడు ప్రతిసారీ నాకు ముందే తెలిసింది, పాలు చేదుగా అయినాయి. వీడు ఏట్లోకి పోయిన దినం నాకేమీ తెలియలేదు. ఆ పొద్దు నేను మిరపకాయలు ఆరబెట్టుకుంటున్నాను.

"ఆయనకు ఇల్లు వదిలి పోయే పనేముండె అత్తా?" అని మునిలక్ష్మి అడిగింది.

"నిన్ను అడగాల. నువ్వే గదా పుట్టింట్లో ఉండింది."

"మా అక్క కాన్పని పోతిని. తొమ్మిది దినాలు. నువ్వే పొమ్మంటివి."

అది రాయనక్కర లేదన్నాను. ఆమె రాసినట్టుంది. నేను చూసి తెలుసుకోలేను గదా.

13-4-2024

ఏమీ దొరకలేదు.

15-4-2024, సోమవారం

ఎండకు రాళ్ళు పగులుతున్నాయి. మునిలక్ష్మి వేళ్ళ కొసలు చిట్లి రక్తం కారుతున్నది. కలం పట్టుకుంటే కాగితానికి అంటుతున్నది. వేపాకు నూరి కట్టినాను. ఇంక చాలించవే అన్నాను.

"దొరికితే చాలిస్తా."

"దొరకదే."

"నీకు అంత గట్టిగా ఎట్లా తెలుసత్తా?"

తల్లికి తెలుస్తుంది అన్నాను. నేను నూరిన ఆకును ఇంకొకసారి నూరినాను.

19-4-2024, శుక్రవారం

ఓట్ల దినం. యంత్రం లేదు. చీటీలు ఇంటికే తెచ్చి ఇచ్చినారు పోయిన వారం. మూడు చీటీలు. ఓబమ్మ, మునిలక్ష్మి, వేడియప్పన్.

సర్కారు నా కొడుక్కు చీటీ ఇచ్చింది. పోయినవాడికి ఇస్తుందా? ఇది నాలుగో సాక్ష్యం. చీటీని ఓట్లు వేసే బడిలో చూపించి వీడు ఊర్లో లేడు, వచ్చినాక వేస్తాడు అని చెప్పినాను. అక్కడ కూర్చున్న ఆయమ్మ చీటీ చూసి, నన్ను చూసి, సరే పాటీ, అంటే సరే అవ్వా, అనింది. నా వేలికి సిరా పూసింది.

చీటీ పుస్తకంలో పెట్టి ఉంది. చదివించే దినం తీసి చూపించాలి.

22-4-2024, సోమవారం

మాయాండి మధ్యాహ్నం యంత్రం కింద పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మునిలక్ష్మి కూడా అక్కడే ఉంది. తమిళంలో చెప్పినాడు, తెలుగులో రాయిస్తున్నాను.

"పాటీ, ఆ పిల్ల చేతులు చూడలేకపోతున్నా. మేచేరిలో నేను చూసినది వేడియప్పన్‌ను కాదు."

"నీలం చొక్కా అన్నావే."

"ఎవరినీ చూడలేదు పాటీ. ఆ దినం నువ్వు అన్నం తినడం మానేసి నాలుగు దినాలైందని ఊర్లో చెప్పుకుంటా ఉండిరి. చూసినానంటే తింటావని అంటిని. నువ్వు తింటివి."

"గడ్డం కూడా ఉండె అన్నావు."

"అదీ నేనే పెట్టినా."

నువ్వు తిన్న సంగటి కక్కు అన్నాను. తల వంచుకొని లేచిపోయినాడు. సాయంత్రం వరకు యంత్రం వెనక కొస మోసినాడు. నా వైపు చూడలేదు.

ఒకటో సాక్ష్యం కొట్టేయమన్నాను. కొట్టేసిందో లేదో. ఇంకా మూడు ఉన్నాయి.

25-4-2024, గురువారం

ఇది పొడుగ్గా రాయాలి.

పొద్దున పదిగంటల వేళ బండల కింద పెట్టె కూసింది. మెట్టె మీద కూసినట్టే, సన్నగా, సాగదీసి. శెట్టి ఆగినాడు. మాయాండి ఆగినాడు. మునిలక్ష్మి పడుకొని చెయ్యి భుజం వరకు దింపి తోడింది. నల్లబడిన మొలతాడు వచ్చింది. కొక్కి విరిగి ఉంది.

ఆమె ఏడవలేదు. దాన్ని చెంపకు ఆనించుకొని, "వచ్చినావా," అనింది. అంతే. దానితోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా, నాకు వినబడకూడదన్నట్టు అనింది.

ఊరు చేరింది. చిక్కణ్ణను పిలుచుకొచ్చినారు. ఆయన మొలతాడును చేతిలోకి తీసుకొని చూసి, తలగుడ్డ విప్పినాడు.

"చాలు వదినా," అన్నాడు. "ఇంక వాణ్ణి విడిచిపెట్టు. ఈ బిడ్డను కూడా."

ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. నేను ఊరుకోవలసింది. ఊరుకుని ఉంటే అంతటితో అయిపోయేది. ఎవడిదో మొలతాడును చెంపకు పెట్టుకొని నా కొడుకుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంటే జనాన్ని తోసుకొని ముందుకు పోయినాను.

"అది వాడిది కాదు," అన్నాను.

"అన్ని మొలతాళ్ళూ ఒకటే మాదిరి ఉంటాయి. కాదని ఎట్లా చెప్తావు?"

"నేను చెప్తున్నా గదా."

"నువ్వు చెప్పింది రెండేండ్లు వింటిమి వదినా."

ఇంటికి పోయినాను. రాగుల కుండలో మోచేతి వరకు చెయ్యి పెట్టి అడుగున ఉన్న గుడ్డమూట తీసినాను. తిరిగి వచ్చి అందరి ముందర చిక్కణ్ణ ఒళ్ళో వేసినాను. "ఇదీ వాడిది. కొక్కి మీద మామిడికాయ బొమ్మ ఉంది, చూసుకోండి. ఇప్పుడు చెప్పండి, ఏట్లో ఉండేది ఎవడిది?"

గెలిచినాననుకున్నాను. ఎవరూ మొలతాడును చూడడం లేదు. నన్ను చూస్తున్నారు.

మునిలక్ష్మి వచ్చి కొక్కిని తడిమింది.

"ఇది మా నాయన చేయించిందే. ఇంట్లోకి ఎట్ల వచ్చె అత్తా?"

"నేనే విప్పినా."

"ఎప్పుడు?"

"నువ్వు కుప్పం పోయిన మరుదినం."

"స్టేషన్‌లో నేను వెండి మొలతాడు అని చెప్తా ఉంటే పక్కనే ఉంటివి గదా."

నేను ఖాళీ గుడ్డను మడత పెట్టినాను.

"అయితే ఆ దినం ఆయన నడుముకు ఏముండె అత్తా?"

28-4-2024, ఆదివారం

రెండు దినాలు మునిలక్ష్మి పుస్తకం ముట్టలేదు. తినలేదు. మేకలను తోలుకొని పోతుంది, వస్తుంది. ఈ దినం తానే తెచ్చి ముందర పెట్టుకొని కూర్చుంది.

"చెప్పు అత్తా. రాస్తా."

చెప్పినాను.

ముగ్గురు బిడ్డలు పోయినాక నాలుగోవాడు పుట్టినప్పుడు మా అత్త నన్ను బాలింతగానే వీధిలోకి తోలింది. ఏడిండ్లలో ఇనుము అడుక్కొని రమ్మనింది. అడుక్కొన్న ఇనుముతో కడియం చేసి బిడ్డకు వేస్తే సావు దాన్ని చూసి బిచ్చగాళ్ళ బిడ్డ అనుకొని దాటిపోతుంది. మా వాళ్ళందరూ నమ్ముతారు. కొంగు పట్టి ఏడు గడపలు తొక్కినాను. కమ్మరి ఆ ఏడు ముక్కలనూ కాల్చి ఒకటిగా అతికి వంచినాడు. అరచేయంత కడియం, బొటనవేలంత లావు. చిన్నప్పటి నుండి నల్లతాడుకు కట్టి వాడి నడుముకే ఉండేది. పెండ్లి దినం పెండ్లికూతురి వాళ్ళ వెండి వేసేటప్పుడు దాన్ని తీసేసినారు. ఇంక పెద్దవాడైనాడు గదా అన్నారు.

తీసినప్పటి నుండి వాడికి ఒకటే జ్వరం. చెట్టు మీది నుండి పడినాడు. వెండి వచ్చి ఇనుమును తరిమింది అనుకున్నాను. వెండి ఈమె ఇంటిది. అది కూడా రాయి.

మునిలక్ష్మి ఊరికి పోయిన మరుదినం వాణ్ణి కూర్చోబెట్టి వెండి విప్పి కడియం కట్టినాను. "అమ్మా, ఆమె వస్తే ఏం చెప్పేది?" అని నవ్వినాడు. ఆమె వచ్చేలోపల తీస్తాను, తొమ్మిది దినాలు ఉంచుకో అన్నాను. అయిదో దినం ఏరు పెరిగింది.

యంత్రానికి ఇనుము వినపడదని శెట్టి చెప్పిన దినం నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను గదా. అందుకే. వెండి ఇంట్లో ఉంది, ఇనుమును యంత్రం వినదు. ఇంక ఎన్ని దినాలు వెతికినా వాడు పోయినాడని ఎవరూ చెప్పలేరు అనుకున్నాను. నీ చేతులు చిట్లుతుంటే చూస్తూ కూర్చున్నాను.

మునిలక్ష్మి అంతా రాసింది. ఒక్కచోట కూడా ఆపలేదు. రాసి, పుస్తకం మూసి, మేకలకు నీళ్ళు పెట్టడానికి లేచింది.

29-4-2024

శెట్టి సామాను కట్టుకుంటుంటే పోయినాను. మీట తిప్పు అన్నాను.

"ఇసుక నిండా ఇనుమే అవ్వా. అడుగడుక్కీ తవ్వాల."

"తవ్వు."

"నీకెందుకు అవ్వా ఇది? వెండి వాడిది కాదని నువ్వే నిరూపిస్తివి. ఏడేండ్లు గడిచేదాకా నిన్ను ఎవరూ అడగరు."

"బతికుంటే దొరకదు గదా. దొరకకపోతే నా కేసు గెలిచినట్టే. అందుకే తిప్పమంటున్నా."

ఆయన నా ముఖం చూసి మీట తిప్పినాడు. యంత్రం నిలిపిన చోటే కూసింది.

30-4-2024

గాలపు ముండ్లు. మేకులు. గొలుసు ముక్క. లాంతరు పిడి. పుట్టి కమ్ములు. ఎడ్ల నాడాలు. మళ్ళీ మేకులు. వాడిది కాదు, వాడిది కాదు, వాడిది కాదు. సాయంత్రానికి నాకు సంతోషంగా ఉంది.

1-5-2024, బుధవారం

దొరికింది.

2-5-2024, గురువారం

నిన్న మెట్టబండ అనే చోట, వంగిన బండ నీడలో, మనిషి నడుమంత లోతున. పెట్టె మొరటుగా కూసింది. పార వద్దన్నాడు మాయాండి. ముగ్గురూ చేతులతో తోడినారు. తుప్పు పట్టిన ముద్ద వచ్చింది. మాయాండి ఇసుకతో రుద్ది నా చేతిలో పెట్టినాడు.

కండ్లు సరిగా కనపడవు నాకు. బొటనవేలితో చూసినాను. అతుకు దగ్గర ఒక గుబ్బ, దాని పక్కన ఇంకొకటి. కమ్మరి ఇంటి మేకు. తోటవాళ్ళ కొడవలి మొన. కురుబ రంగమ్మ ఇచ్చిన కత్తెర ముక్క. చాకలి ఇంటి ఇస్త్రీ పెట్టె కొక్కి. మా ఊరి అంగడిలో పగిలిన ఇనుప తూకపు రాయి. పూజారి ఇంటి గొలుసు కన్ను. ఏడోది మా అమ్మగారింటి తలుపు గొళ్ళెం.

ఏడూ ఉన్నాయి.

"అత్తా," అనింది మునిలక్ష్మి.

"ఉండవే. ఇంకొకసారి లెక్కపెడతా."

ఏడే.

స్టేషన్ నుండి వచ్చి ఎముకలను తెల్లగుడ్డలో కట్టి తీసుకుపోయినారు. కడియం కూడా వాళ్ళ దగ్గరే ఉంది. గుర్తుపట్టిందెవరని అడిగితే నేను అన్నాను. నేనే కట్టినాను అని కూడా చెప్పినాను. వాళ్ళు తమిళంలో రాసుకున్నారు. వేలిముద్ర వేసే ముందర వాళ్ళు రాసింది నాకు చదివి వినిపించమని మునిలక్ష్మిని అడిగినాను. ఆమెకు తమిళం చదవడం రాదు. శెట్టి చదివి చెప్పినాడు. సరిగానే ఉంది.

బండ కింద ఇంకేమి చూసినానో రాయవద్దన్నాను.

3-5-2024

పెన్నాగరం బస్సెక్కి పోయి వచ్చినాను.

5-5-2024, ఆదివారం

కులం కూర్చుంది. మునిలక్ష్మి మొదటి నుండి చదివింది. నేను ఆపమని చెప్పిన చోట్లు కూడా అందులో ఉన్నాయి. పుట్టింటికి నేనే పొమ్మన్న మాట ఉంది. మాయాండి సాక్ష్యం కొట్టేయలేదు, అట్లాగే ఉంది. ఉండనీ అన్నాను.

నేను లేచి నిలబడి చెప్పినాను. నా కొడుకు వేడియప్పన్ రెండేండ్ల కిందట ఆడి నెలలో ఏట్లో చనిపోయినాడు. నేను వెండిని దాచి, తెలిసి తెలిసి ఊరినీ సర్కారునూ ఈ బిడ్డనూ మోసం చేసినాను. నాకు తప్పు వేయండి, దండుగ కడతాను.

చిక్కణ్ణ పక్కవాళ్ళతో మాట్లాడి, తప్పు వేయలేదు. "పెట్టాల్సింది చీర, అది పెట్టు వదినా. చాలు," అన్నాడు. పెద్దలు అందరూ దానికి తలలూపినారు. నాకు అది చాలలేదు. అయినా నేను అడిగి తెచ్చుకునేది కాదు గదా తప్పు.

చీర మొన్ననే పెన్నాగరంలో తీసుకున్నాను. పచ్చది, ఎర్ర అంచు. ఆమె కట్టుకొని వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి చెయ్యి పట్టుకొని గడప దాటించినాను. దాటించినాక అత్త లోపలే ఉండాలి. ఆమె మళ్ళీ లోపలికి రాకూడదు.

ఆమె పోలేదు. అరుగు మీద కూర్చొని పుస్తకం తెరిచింది. నేను గడపకు లోపల నుండి చెబుతున్నాను, ఆమె బయట నుండి రాస్తున్నది. కడత్తూరు వాళ్ళ వ్యాను వీధి మొదట నిలబడి ఉంది.

ఇంకొక మాట ఉంది, అది రాయి అన్నాను. అరకిలో ఇనుము నడుముకు ఉండింది. లేకపోతే ఈది ఉండేవాడు. నేను కట్టిన ఇనుమే నా బిడ్డను ముంచింది. రాయి.

"అది రాయను అత్తా. ఆ దినం నీళ్ళకు ఏనుగు కూడా నిలిచేది కాదని మాయాండి చెప్పె."

"మాయాండి చెప్పేది నేను నమ్ముతానా? రాయవే."

"రాయను."

"అయితే నేను చెప్పినానని, నువ్వు రాయనన్నావని రాయి."

అది రాసింది.

కింద తన పేరు పెట్టేటప్పుడు ఆగింది. "ఎవరి భార్య అని రాసేది అత్తా?"

"ఏమీ వద్దు. పేరు చాలు," అన్నాను. పుస్తకం గడప మీది నుండి లోపలికి ఇచ్చింది. సిరా డబ్బీ కూడా ఇచ్చింది.

ఇది ఓబమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
చిక్కణ్ణ, కులపెద్ద, తమిళంలో సంతకం.
దేవరాజన్, ధర్మపురి, తమిళంలో సంతకం.
మాయాండి, పుట్టి నడిపేవాడు, వేలిముద్ర.

రాసినది: మునిలక్ష్మి.